రెండు షాఫ్టులు, స్టీలువి

మంగళవారం పొద్దున గంగ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భర్త మునేష్‌ను బెంగళూరు తొలి రైలుకు పంపాలి. కూతురు చైత్రకు జడలు వేసి బడికి తోలాలి. మామ గోపాలప్పకు ఉప్మా పెట్టాలి. ఆ తర్వాత కుక్కర్లో పప్పు పడేసి, అది ఉడికేలోగా బెంగళూరు దుకాణానికి ఫోన్ చేసి, రాళ్ళెక్కే రిమోట్ బండి ఒకటి తెప్పించుకోవాలి. పదింటికల్లా ముగిసిపోవాల్సిన పని.

గంగకు భయపడటానికి కారణం అక్కర్లేదు. బడి వ్యాను నాలుగు నిమిషాలు ఆలస్యమైతే చాలు, చెప్పులు కూడా వేసుకోకుండా సందు చివర నిలబడి ఉంటుంది. గ్యాసు ఆపి మూడుసార్లు చూసుకుంటుంది. అలాంటి మనిషికి కిందటి వారం నిజంగానే ఒక కారణం దొరికింది. వాళ్ళ లైను ఇళ్ళ వెనుక, గని నడిచిన రోజుల్లో భూమి లోపలి నుంచి తెచ్చి పోసిన రాళ్ళ గుట్ట ఉంది. దాని కొన మీద నిలబడి చైత్ర చేయి ఊపుతోంది.

"మా! ఈడినుంచి మన ఇల్లు అగ్గిపెట్టె మాదిరి ఉండాది!"

గంగ కొంగు బిగించి పరిగెత్తింది. కిందికి దించాక కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియక రెండూ చేసింది. ఆ కంగారులోనే ఒక మాట అనేసింది. "ఇంగ నువ్వు ఎక్కొద్దు. నీ బదులు ఎక్కే బండి తెప్పిస్తాను. ఆదివారం నీ పుట్టినరోజుకి."

"రాకపోతే?"

"వస్తాది."

"రాకపోతే నేనే ఎక్కుతా. ఒట్టేయ్."

గంగ ఒట్టేసింది. వేశాక గాని తాను దేని మీద ఒట్టేసిందో తట్టలేదు. బండి రాకపోతే బిడ్డ గుట్ట ఎక్కడానికి తల్లే ఒప్పుకున్నట్టయింది.

బండి సంగతి మునేష్‌కు తెలుసు. రాక్ క్రాలర్ అంటారట. నాలుగు లావు చక్రాలతో బల్లిలా పాకుతూ ఎంత రాయినైనా ఎక్కుతుంది. రైల్లో ఎవరో ఫోన్‌లో చూపించారు. దుకాణం నంబరు రాసిచ్చి, దాని కింద 'ఆర్.టి.ఆర్. అడుగు' అని కూడా రాసి పోయాడు.

దుకాణంలో ఫోన్ ఎత్తినవాడి పేరు చిన్మయ్. గంగ రెండు మాటలు మాట్లాడగానే, "అక్కా, మీరు మా తట్టోళ్ళ మాదిరి ఉండారే. మాది నంగలి," అన్నాడు. గంగకు ధైర్యం వచ్చింది. ఆమె ఫోన్ ఒకసారి నీళ్ళ బకెట్లో పడినప్పటి నుంచి చెవి దగ్గర పలకదు, స్పీకర్లో అరుస్తుంది. అందుకని ఈ సంభాషణ ఇంట్లో సగం, వాకిట్లో సగం జరిగింది.

"మొదటిసారైతే ఆర్‌టీఆర్ తీసుకోండక్కా. రెడీ టు రన్."

"రన్ అంటే పరిగెత్తేది గదా?"

"అవునక్కా. పెట్టె తీయంగానే పరిగెత్తేదానికి రెడీగా ఉంటాది."

గంగ కళ్ళ ముందు ఆ బండి పెట్టెలోంచి దూకి, గడప దాటి, బస్సులు తిరిగే రోడ్డు మీద పడింది. వెనకాలే చైత్ర. "ఒద్దప్పా, పరిగెత్తేది ఒద్దే ఒద్దు. ఇంగొకటేమన్నా ఉండాదా?"

"ఇంగొకటంటే కిట్ ఉండాదక్కా."

గంగ గుండె కుదుటపడింది. కిట్ అంటే ఆమెకు తెలుసు. చైత్ర పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చారు, సబ్బు నుంచి దోమతెర దాకా అందులోనే ఉన్నాయి. లాక్‌డౌన్‌లో ఇచ్చిన రేషన్ కిట్టులోనైతే ఆవాలు కూడా మరిచిపోలేదు. కిట్టులో ఏదీ తక్కువ ఉండదన్నది గంగ అనుభవం. "కిట్టే ఇవ్వప్పా. రాళ్ళెక్కుతాది గదా?"

"రాక్ క్రాలర్ పనే అది. కానీ కిట్ అంటే మీరే కూర్చొని బిగించుకోవాలక్కా. స్క్రూలే రెండొందల ముప్పై ఉంటాయి."

"రెండొందల ముప్పయ్యా! దానికి మనుషులు కావాల గదప్పా!"

"నిదానంగా చేసుకుంటే అయిపోతాది. షాఫ్టులు ప్లాస్టిక్‌వి ఇయ్యాల్నా, స్టీలువి ఇయ్యాల్నా?"

"అవేంటివి?"

"మోటరు తిరిగేది చక్రాలకి అందించే కడ్డీలక్కా. రెండుంటాయి. ముందరికొకటి, ఎనకకొకటి."

"స్టీలువే ఇయ్యి. నీళ్ళు పోతే చెడిపోతాయా? ఈడ వానొస్తే గుంతలన్నీ నిండిపోతాయి."

"షాఫ్ట్ నిండా నీళ్ళున్నా ఏం పర్వాలేదక్కా. తుడిచేసి మోటరు తిప్పితే దానంతట అదే పైకెక్కేస్తాది. శనివారానికంతా వచ్చేస్తాది. ఇంగ ఎలక్ట్రానిక్స్ సంగతి..."

సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది. ఒకటి కాదు, వరసగా మూడు కూతలు. ఆ కూతల వెనుక చిన్మయ్ చాలా ముఖ్యమైన నాలుగు మాటలు చెప్పాడు. గంగ "సరే సరే, అట్లే పంపించప్పా" అంటూ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

వాకిట్లో కుర్చీలో గోపాలప్ప ఉన్నాడు. గనిలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మిషను పట్టిన మనిషి. ఆ చప్పుడుకు ఎడమ చెవి గనిలోనే ఉండిపోయింది, కుడి చెవి సగం మాత్రం ఆయనతో పైకి వచ్చింది. ఆ సగం చెవిలో పడినవి ఇవి: రాక్. రెండొందల ముప్పై. మనుషులు కావాల. షాఫ్టులు రెండు. షాఫ్ట్ నిండా నీళ్ళున్నా ఏం పర్వాలేదు. మోటరు తిప్పితే పైకి. శనివారం.

గోపాలప్ప లేచి నిలబడ్డాడు.

గని మూతపడి ఇరవై రెండేళ్ళు. మళ్ళీ తెరుస్తారన్న మాట ఊళ్ళో ఏడాదికి రెండుసార్లయినా పుడుతుంది. పుట్టిన ప్రతిసారీ ఒకే మాటతో చస్తుంది: గనిలోకి దిగే బావుల్లాంటి ఆ షాఫ్టుల నిండా నీళ్ళు, ఇంకేం తెరుస్తారు? ఇప్పుడు ఆ నీళ్ళున్నా పర్వాలేదని బెంగళూరు నుంచి ఎవరో తన ఇంటికే ఫోన్ చేసి చెబుతున్నారు. కోడలిని అడుగుదామనుకున్నాడు. కానీ మునేష్ ఎవరో పెద్దవాళ్ళను పట్టుకుని ఉంటాడు, పైకి పొక్కకూడని సంగతై ఉంటుంది, అడిగితే అమ్మాయి ఇబ్బంది పడుతుంది. అందువల్ల ఆ రహస్యాన్ని కడుపులోనే దాచుకుని, చెప్పులు వేసుకుని, తిన్నగా టీ అంగడికి పోయాడు.

అక్కడ రోజూ ఉండే ముగ్గురూ ఉన్నారు. ఆవులప్ప వర్క్‌షాపులో ఫిట్టరు. సొన్నప్ప వైండింగ్ డ్రైవరు, అంటే మనుషులను గనిలోకి దింపే ఇనుప కేజ్‌ను పైనుంచి ఇంజనుతో నడిపినవాడు. మృత్యుంజయ టైం ఆఫీసు క్లర్కు, ఎవరు ఏ షిఫ్టుకు దిగారో రాసినవాడు.

"నీళ్ళున్నా పర్వాలేదంట," అన్నాడు గోపాలప్ప కూర్చోకుండానే.

"ఎవురన్నారప్పా?"

"బెంగళూరు. రెండు షాఫ్టులు తెరుస్తారు. రెండొందల ముప్పై మంది కావాలంట. రాక్ క్రాలర్ అని మిషను వస్తా ఉండాది."

"అదేం మిషను?" అన్నాడు సొన్నప్ప.

ఆవులప్ప ఆ పేరు వినడం అదే మొదలు. అయినా మిషను పేరు చెబితే తెలియదని ఆయన జన్మలో అనలేదు. "పాకే మిషనప్పా. మనిషి పోలేని చోటికి అది పోతాది. ఫారిన్‌లో అంతా అదే ఇప్పుడు."

"ఆర్డర్ కాపీ చూడందే నేను నమ్మను," అన్నాడు మృత్యుంజయ. అని ఇంటికి పోయి, స్టూలు వేసుకుని, అటక మీది పాత రిజిస్టరు దించి దుమ్ము దులిపాడు.

మర్నాడు కొళాయి దగ్గర పక్కింటి చిక్కమ్మ గంగ బిందెను తన బిందె కంటే ముందుకు జరిపింది. ఆ లైనులో ఇది ఎప్పుడూ జరగని సంగతి.

"ఏమ్మా గంగా, మీ ఇంటికే వస్తా ఉండాదంట గదా?"

"అవును చిక్కమ్మా, శనివారం. మీకెట్ల తెలిసె?"

"ఊరంతా తెలుసు. షాఫ్టులు రెండంట గదా?"

టీ అంగట్లో మామ బొమ్మ గురించి ఇంత వివరంగా చెప్పాడా అని గంగ ఆశ్చర్యపోయింది. "రెండే. స్టీలువి."

"నీళ్ళో?"

"నీళ్ళున్నా ఏం కాదన్నాడు చిక్కమ్మా."

చిక్కమ్మ బిందె తానే ఎత్తి గంగ చంకకు అందించింది. "మా అల్లుణ్ణి మరిచిపోవద్దు తల్లీ. ఊరికే ఇంట్లో కూర్చొని ఉండాడు."

పుట్టినరోజుకు అల్లుణ్ణి పిలవమని ఇంతగా అడగాలా అనుకుంది గంగ. "రమ్మను చిక్కమ్మా, దానికేముంది," అంది. చిక్కమ్మ కళ్ళొత్తుకుంది.

గురువారం సాయంత్రం మృత్యుంజయ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో రిజిస్టరు, జేబులో రెండు పెన్నులు. గోపాలప్ప ఇంట్లో లేడు. గంగ కుర్చీ వేసింది.

"శనివారం వస్తే, ఆదివారమేనా అమ్మా, మొదలు?"

"అవును సార్. పది గంటలకనుకున్నాము."

"ఎంతమందికి చెప్తా ఉండారు?"

ఇల్లు రెండు గదులు. కేకు చిన్నది. "ఇరవై మందికి మించి ఒద్దనుకున్నాము సార్."

క్లర్కు పెన్ను ఆగిపోయింది. "ఇరవయ్యేనా?"

"మా మామ ఆయనకి కావల్సినోళ్ళని చెప్పుకుంటే ఇంగ కొంచెం జాస్తి అవుతాది."

మృత్యుంజయ ఆ మాటను మనసులో ఎర్ర సిరాతో రాసుకున్నాడు. "వయసు లెక్క ఏమన్నా పెట్టినారా?"

ఇది గంగను మూడు రోజులుగా తొలుస్తున్న బెంగ. ఫోన్‌లో చిన్మయ్ పంపిన పెట్టె ఫోటోను ఆమె వేళ్ళతో పెద్దది చేసి చేసి చూసింది. "పద్నాలుగు దాటుండాలని రాసినారు సార్. నాకూ అదే భయం. పెద్దోళ్ళు పక్కనుంటే ఏం కాదంట."

"అది కింది వయసు. పై వయసో?"

"పై వయసు ఏమీ రాయలే సార్."

"సరిగ్గా చూసినావా అమ్మా?"

"రెండు తూర్లు చూసినాను. పద్నాలుగు, పక్కన ప్లస్ గుర్తు. అంతే."

అరవై తొమ్మిదేళ్ళ మృత్యుంజయ మెల్లగా లేచి, చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన ఆ కోడలిపిల్లకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. గంగ బిత్తరపోయి తానూ పెట్టింది. బిడ్డ పుట్టినరోజును ఇంత భక్తిగా తీసుకునే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం ఇంటికి సామాన్లు రావడం మొదలైంది. కామసముద్రం నుంచి ఒకాయన వేరుసెనగ కాయల సంచి దించి పోయాడు. ఎవరో మునక్కాయలు, ఎవరో కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. అందరూ గోపాలప్పను కొంచెం పక్కకు పిలిచి, తమ పాత గని టోకెన్ నంబరు చెప్పి పోతున్నారు. ఇరవై అన్న మాట మృత్యుంజయ నోటి నుంచి బయటికి పాకింది మరి. గోపాలప్ప మాత్రం ఎవరికీ మాట ఇవ్వడంలేదు, ఎవరినీ కాదనడంలేదు. ఇన్నేళ్ళ తర్వాత మనుషులు తన కుడి చెవి వైపు వచ్చి మాట్లాడుతున్నారు.

చైత్ర అంటే లైనులో ఇంత ప్రేమా అని గంగ మురిసింది. మురిసిన వెంటనే బెదిరింది. ఇంతమందికి ఉప్మా ఏ గిన్నెలో కలపాలి? సాయంత్రం చూస్తే మామ పెరట్లో కూర్చుని తన పాత హెల్మెట్‌ను చింతపండుతో తోముతున్నాడు. మనవరాలి పుట్టినరోజుకు గని వేషం వేయబోతున్నాడని గంగ అర్థం చేసుకుంది. లోపలికి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయన చొక్కా కూడా ఉతికి ఆరేసింది.

శనివారం ఎనిమిదిన్నరకు పార్సిల్ కుర్రాడు సందు మొదట్లోకి వచ్చి బ్రేకు వేశాడు. గోపాలప్ప ఇంటి ముందు నలభై మంది వరసలో నిలబడి ఉన్నారు. అందరి తలల మీదా హెల్మెట్లు. కొందరి కాళ్ళకు మోకాళ్ళ దాకా బూట్లు. ఆవులప్ప జుట్టుకు వేసుకున్న నల్లరంగు చెమటకు నుదుటి మీదికి దిగుతోంది.

"ఎవురన్నా లోపల ఇరుక్కున్నారా అన్నా?" అన్నాడు కుర్రాడు భయంగా.

"నువ్వు తెచ్చిందాంతోనే తీయాల," అన్నాడు సొన్నప్ప గంభీరంగా.

కుర్రాడు పెట్టె గంగ చేతికిచ్చి, ఓటీపీ అంకెలు చెప్పించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. పెట్టె చెప్పుల పెట్టెకు కొంచెం పెద్దది. వరసలో గుసగుసలు లేచాయి.

"ఇంత చిన్నదా?"

"డ్రాయింగులప్పా. మిషను ఎనకాల లారీలో వస్తాది," అన్నాడు ఆవులప్ప.

పుట్టినరోజు రేపు కదా, వీళ్ళంతా ఈ పొద్దే వచ్చారెందుకని గంగకు అర్థం కాలేదు. అయినా ఇంతమంది ఎదురు చూస్తుంటే లోపలికి పట్టుకుపోవడం మర్యాద కాదని గడప మీదే కూర్చుని కత్తెరతో పెట్టె కోసింది. చైత్ర మెడ మీద వాలింది. గోపాలప్ప హెల్మెట్ సరిచేసుకున్నాడు.

పెట్టెలోంచి ప్లాస్టిక్ సంచులు వచ్చాయి. సంచుల నిండా స్క్రూలు. ఇనుప పట్టీలు. నాలుగు నల్లటి చక్రాలు, ఒక్కొక్కటి బొండా అంత. చివరన, వేలెడంత పొడవున, తళతళలాడే రెండు కడ్డీలు.

"ఇవేంటివి?" అన్నాడు మృత్యుంజయ.

"షాఫ్టులు సార్," అంది గంగ. "స్టీలువి."

వరసలో ఒక్కొక్క చేయీ ఒక్కొక్క హెల్మెట్ మీదికి పోయింది. చిక్కమ్మ అల్లుడికి మాత్రం నవ్వొచ్చింది, చిక్కమ్మ చూపుతో అది మధ్యలోనే ఆగిపోయింది.

కానీ గంగ ఇదేమీ చూడటంలేదు. ఆమె పెట్టెను బోర్లించి దులుపుతోంది. రిమోట్ లేదు. మోటరు లేదు. బ్యాటరీ లేదు. నంగలి వాడికి ఫోన్ కలిపింది.

"కిట్ అంటే కిట్టేనక్కా. ఎలక్ట్రానిక్స్ అంతా వేరే. మోటరు, కరెంటు కంట్రోలరు, ముందర చక్రాలు తిప్పే సర్వో, రేడియో, బ్యాటరీ, ఛార్జరు. ఆ పొద్దే చెప్పినానే! మీరు సరే సరే అంటిరి."

"అది కుక్కరప్పా," అంది గంగ.

చైత్ర ఏడవలేదు. అదే గంగను ఎక్కువ భయపెట్టింది. పిల్ల నిమ్మళంగా లేచి గుట్ట వైపు చూసింది. "సర్లే మా. రేపు నేనే ఎక్కుతా. ఒట్టేసినావు గదా."

గోపాలప్ప హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని వాకిటి అరుగు మీద కూలబడ్డాడు. నలభై మంది ముందు ఆయన తల ఎత్తలేకపోయాడు. "నాకు... షాఫ్ట్ అని ఇనిపించె. నీళ్ళున్నా పర్వాలేదని ఇనిపించె."

"మామా, మీరు గని అనుకున్నారా?" గంగ చేతిలోని కత్తెర కింద పడింది. కోడిపుంజు, మునక్కాయలు, మృత్యుంజయ దండం, అన్నీ ఒక్కసారిగా ఆమెకు అర్థమయ్యాయి. కత్తెర తీసుకుని లేచి, "ఉప్మా చేస్తాను, అందరూ తినిపొండి," అంది.

సొన్నప్ప వచ్చి గోపాలప్ప పక్కన కూర్చున్నాడు. కుడి వైపునే కూర్చున్నాడు. "నీ చెవి సంగతి మాకు తెలీదా గోపాలప్పా? తెలిసే వచ్చినాము."

మెల్లగా వరస కరిగిపోయింది. కామసముద్రం ఆయన వేరుసెనగ సంచి వైపు ఒకసారి చూశాడు గాని తీసుకోలేదు. చివరకు గోపాలప్పతో కలిపి ఏడుగురు మిగిలారు. వాళ్ళకు పోవడానికి వేరే చోటేదీ తట్టలేదు. ఆవులప్ప ఒక కడ్డీ తీసి కంటి దగ్గర పెట్టుకుని తిప్పి చూశాడు.

"షాఫ్టే కదప్పా. షాఫ్ట్ అన్నాడు, షాఫ్టే వచ్చింది," అన్నాడు. "పనితనం బాగుండాది."

గోపాలప్ప తల ఎత్తాడు. చైత్ర అన్న మాట ఆ సగం చెవిలో ఈసారి పూర్తిగానే పడింది. ఆయన కోడలి ముఖం చూశాడు, గుట్ట చూశాడు. "మృత్యుంజయా, రిజిస్టరు తెరువప్పా. రెండొందల ముప్పై స్క్రూలంట. ఎవురికెన్ని రాసుకో. గంగమ్మా, ఆ పిల్లోనికి మళ్ళీ ఫోన్ చెయ్యి."

ఈసారి మాట్లాడింది సొన్నప్ప. అడుగు దూరంలో ఉన్న స్పీకర్ ఫోన్‌తో, గని మేనేజరుతో మాట్లాడినట్టు నిలబడి మాట్లాడాడు.

"నాకు వేగం ఒద్దప్పా. బలం కావాల. నిదానంగా ఎత్తాల."

"అయితే చుట్లు జాస్తిగా ఉండే మోటరు సార్. యాభై ఐదు చుట్ల వైండింగ్. మెల్లగా తిరుగుతాది, కానీ గట్టిగా లాగుతాది."

"వైండింగ్ నాకు చెప్పొద్దు. నడి ఏటవాల్లో ఆపితే ఆగుతాదా, ఎనక్కి జారుతాదా?"

"దానికి బ్రేకు పట్టే కంట్రోలరు వేరే ఉండాది సార్, క్రాలర్లకనే చేసింది. మీరు వేలు తీసేస్తే ఆడికాడే నిలబడిపోతాది."

"అదే కావాల. నా కేజ్ నిండా మనుషులుంటే ఒక్క అంగుళం జారనిచ్చినవాణ్ణి కాదు."

"సార్, మీది ఏ క్రాలర్ క్లబ్బు సార్?"

"చాంపియన్ రీఫ్," అని తాను పనిచేసిన గని పేరు చెప్పాడు సొన్నప్ప. "ముప్పై ఒక్క ఏండ్లు."

సర్వో సంగతి ఆవులప్ప తేల్చాడు. రాళ్ళ సందులో చక్రం ఇరుక్కుంటే మొండిగా తిప్పగలిగే బలమైనది, లోపల ఇనుప పళ్ళున్నది కావాలన్నాడు. బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి గంగ ఫోన్ లాక్కుంది. "నిప్పంటుకునేది ఏదన్నా ఉంటే ఒద్దప్పా."

"లిపో బ్యాటరీ అయితే ఛార్జింగ్‌లో జాగ్రత్తగా ఉండాలక్కా. నికెల్‌ది కొంచెం బరువు, కానీ తప్పు చేసినా ఓర్చుకుంటాది."

"ఓర్చుకునేదే ఇయ్యి."

"మొదటిసారోళ్ళకి నేను చెప్పేది అదేనక్కా. ఎవురూ వినరు," అన్నాడు చిన్మయ్. తన భయం పనికొచ్చిందని ఒకరు అనడం గంగ వినడం అదే మొదలు.

ఆ పొద్దు మునేష్‌కు డ్యూటీ ఉంది. పని దిగి దుకాణానికి పోయి, అన్నీ సంచిలో వేసుకుని రైలెక్కమని కబురు పెట్టారు. ఇక్కడ అరుగు మీద ఏడుగురూ కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆవులప్ప ప్రతి స్క్రూకూ చుక్క జిగురు పెట్టించాడు. మృత్యుంజయ పుస్తకంలోని బొమ్మలు చదివి, బిగించినవారి పేరు పక్కన సంతకం పెట్టించుకున్నాడు. నూట పద్నాలుగో స్క్రూ గోపాలప్ప చేతి వణుకుకు జారి పడితే, ఏడుగురూ హెల్మెట్ దీపాలు వెలిగించి అరుగు కింద పాకి వెతికారు. గంగ చేసిన ఉప్మా రెండుసార్లు చల్లారింది.

ఆదివారం పది గంటలకు బండి గుట్ట పాదం దగ్గర నిలబడింది. మునేష్ ఫోన్‌లో వీడియోకు సిద్ధమయ్యాడు. సొన్నప్ప రిమోట్ పట్టుకున్నాడు. గోపాలప్ప ఒక కంచం, గరిటె పట్టుకుని గుట్ట మొదట్లో నిలబడ్డాడు: ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే దించు. గనిలో కేజ్‌కు కొట్టే గంటల భాష మారలేదు.

బండి పాకింది. ముందు చక్రాలు రాయిని పట్టుకుని తడుముకున్నాయి, ఎక్కాయి. ఇంకో రాయి. నడి ఏటవాలులో సొన్నప్ప వేలు తీశాడు. బండి అక్కడికక్కడే, ఒక్క అంగుళం జారకుండా నిలబడింది. ఏడుగురూ ఊపిరి వదిలారు. చైత్ర చప్పట్లు కొట్టింది. గంగ ఈ వారంలో మొదటిసారి నవ్వింది.

కొంచెం పైకి పోయాక బండి పెద్ద రాయి చాటుకు పోయింది. గోపాలప్పకు కనబడలేదు. కనబడకపోతే గంట ఎలా కొడతాడు? రెండడుగులు ఎక్కాడు. ఎనక షాఫ్ట్ స్క్రూ తాను చూసి వస్తానని ఆవులప్ప ఎక్కాడు. ఎంత ఎత్తుకు పోయిందో రాసుకోవాలని మృత్యుంజయ రిజిస్టరుతో సహా ఎక్కాడు. ముగ్గురు పోతే తాము కిందెందుకని మిగతా ముగ్గురూ పోయారు. చూడకుండా నడపడం తన ఉద్యోగంలో లేదని సొన్నప్ప రిమోట్ పట్టుకుని వెనకాలే పోయాడు. మోకాళ్ళ నొప్పికి ఆసుపత్రిలో వరసగా కూర్చునే ఏడుగురు, చూస్తుండగానే గుట్ట నడుమ దాటిపోయారు.

"తాతా!" చైత్ర రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని అరిచింది. ఆ గొంతు అచ్చంగా గంగది. "దిగండి! రాళ్ళు జారతాయి! పడితే ఎవురు చూసుకుంటారు?"

ఎవరూ దిగలేదు. చైత్ర వెనక్కి జరిగి అమ్మ చేయి పట్టుకుంది. చేయి చల్లగా ఉంది. "మా, కిందుండి చూస్తే ఇంత భయమవుతాదా?"

"అవుతాది," అంది గంగ.

"సర్లే. ఇంగ నేను ఎక్కనులే."

గంగ ఆ మాట కోసం వారం రోజులు దేవుళ్ళకు మొక్కింది. ఇప్పుడు అది వచ్చింది గాని, సంతోషించడానికి ఆమెకు పురుసొత్తు లేదు. గుట్ట కొన మీద, బండి పక్కన, హెల్మెట్ పెట్టుకున్న గోపాలప్ప చేయి ఊపుతున్నాడు.

"గంగమ్మా! ఈడినుంచి మన ఇల్లు అగ్గిపెట్టె మాదిరి ఉండాది!"

బండి ఒక్క నిమిషంలో దిగింది. ఏడుగురినీ దించడానికి మునేష్‌కు, నిన్న పెట్టె ముందు నవ్వబోయి ఆగిపోయిన చిక్కమ్మ అల్లుడికి, గంటన్నర పట్టింది. సాయంత్రం కేకు కోశాక మృత్యుంజయ రిజిస్టరు తెరిచి సోమవారం నుంచి బండి నడపడానికి షిఫ్టులు వేశాడు. పొద్దున షిఫ్టు నలుగురికి, మధ్యాహ్నం షిఫ్టు ముగ్గురికి, బడి నుంచి వచ్చాక ఒక గంట చైత్రకు. పిల్ల ఒప్పుకుంది, పెద్దవాళ్ళు కిందే నిలబడాలన్న షరతు మీద.

అందరూ పోయాక గంగ ఖాళీ పెట్టెను వాకిట్లో అందరికీ కనిపించేలా నిలబెట్టి, దాని మీద పద్నాలుగు పక్కనున్న ప్లస్ గుర్తు తర్వాత స్కెచ్ పెన్నుతో లావుగా రాసింది: అరవై లోపల.